నావకు మేకే ప్రాణము

(సముద్రతీర గ్రామమున మత్స్యకారులు, పడవ మేస్త్రీలు సమావేశమైన సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు తూర్పుతీరమున మరపడవలకు వేట విరామము. ఈ 61 దినములలో సముద్రమున చేపలు గ్రుడ్లు పెట్టి వృద్ధినొందును. ఒడ్డున పడవలు మరమ్మతు నొందును. యజమాని యంత్రమును విప్పించును; వలలు బాగుచేయించును; పలకల సందులు నింపించి, రంగు వేయించి, నావ ముక్కునకు పసుపు కుంకుమలు పెట్టించును. ఇన్నిటిని చూచినవాడు ఒక్కదానిని మాత్రము చూడడు. అది రంగు చాటున, చెక్క కడుపులో దాగియున్న మేకు. నేడు మేము ఆ మేకును గురించియే మీతో మాటలాడ దలచితిమి.

ఇది చిన్న విషయమని తలంపవలదు. ఫైబరు పడవలు విరివిగా వచ్చినమాట నిజమే. అయినను చెక్కతో కట్టిన మరపడవలు, నాటు నావలు మన తీరమున నేటికిని కలవు. వానిని నమ్ముకొని సముద్రము మీదికి పోవు కుటుంబములును కలవు. కావున మేకు మాట వారికి ప్రాణముల మాట.

మేము చూచిన ఒక నావ

కొన్ని యేండ్ల క్రిందట మరియొక తీరగ్రామమున ఒక నావను విప్పుచుండగా మేము చూచితిమి. అది మరీ పాత నావ కాదు. దాని టేకు పలకలను సుత్తితో కొట్టినచో ఖంగుమని మ్రోగుచుండెను. పురుగు పట్టలేదు, కుళ్ళు తగులలేదు. ఇంత మంచి చెక్క గల నావను ఏల విప్పుచున్నారని అడిగితిమి. అచటి వృద్ధ మేస్త్రి మారు పలుకక, ఒక పలకను చేతితోనే లాగి ఊడదీసి, దానిలోని మేకునొకదానిని మా అరచేతిలో పెట్టెను. మేకు తల తలవలెనే యుండెను. నడుము మాత్రము దబ్బనమువలె సన్నగిల్లి యుండెను. రెండు వ్రేళ్ళతో వంచగా అది విరిగిపోయెను.

"చెక్క చావలేదు బాబూ, మేకు చచ్చింది. మేకు చచ్చాక నావ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే" అని ఆయన పలికెను.

అంతకుముందొక రాత్రి వేటలో ఆ నావ అడుగుపలక వదులై నీరు పట్టెనట. అందున్న నలుగురును తెల్లవారువరకు వంతులవారీగా నీరు తోడుచు నిలిచిరట. ప్రొద్దుపొడిచిన పిమ్మట వేరొక నావవారు చూచి, మోకు వేసి ఒడ్డునకు లాగుకొని వచ్చిరట. నలుగురును బ్రదికిరి. నావ మాత్రము బ్రదుకలేదు. దానికై చేసిన అప్పు బ్రదికియుండెను. మేకులు ఎవరు కొనిరని మేము అడుగగా, యజమాని తల వంచుకొని, "నేనే కొన్నాను. తళతళ మెరుస్తున్నాయి, ధర కూడా తక్కువ అన్నారు" అని చెప్పెను. ఆనాటి నుండి మేము ఏ తీరగ్రామమునకు పోయినను మేకుల మాట ఎత్తక మానలేదు.

మేకు లేని నావలు

మన పూర్వులకు మేకుతో గల చిక్కు తెలియనిది కాదు. తెప్పకు మేకు లేదు. దుంగలను త్రాటితో బిగించి కట్టుదురు. కోరమండల తీరమున మసూలా పడవ యని పేరొందిన పడవకును మేకు లేదు. పలకల అంచులకు రంధ్రములు చేసి కొబ్బరినారత్రాటితో కుట్టుచుండిరి. కరకట కెరటములలో ఒడ్డునకు చేరునపుడు ఆ కుట్టు పడవ వంగునేగాని పగులదు. కేరళమున కెట్టువళ్లమనగా కట్టిన పడవ యనియే అర్థము. అయితే కుట్టు త్రాడు నానుచు ఎండుచు చివుకును. కావున అట్టి పడవను మాటిమాటికి విప్పి మరల కుట్టవలెను.

పెద్ద ఓడలకు, బరువైన సరకునకు కుట్టు చాలదు. గోదావరి సాగరసంగమమున కోరింగ 18, 19 శతాబ్దములలో ఓడల నిర్మాణమునకు పేరొందిన రేవు. 1789, 1839 సంవత్సరముల ఉప్పెనలలో ఆ రేవు దెబ్బతినినను, ఆ ప్రాంతమున తాళ్ళరేవు మొదలగు చోట్ల పడవ కట్టు విద్య నిలిచినది. నేడు మర యంత్రము అదరును, వల బరువు లాగును, కెరటము కొట్టును. ఈ మూడు బలములను ఓర్చుకొని పలకను వంపుకర్రకు పట్టియుంచునది మేకు, స్క్రూ, బోల్టు. అందుచేత దానిని ఎంచుకొను విద్యను మనము నేర్చుకొనవలెను.

మేకు ఏల చచ్చును?

మేకునకు శత్రువులు మూడు: ఉప్పునీరు, చెక్కలోని వగరు, ప్రక్కనున్న వేరొక లోహము.

మొదటిది మీరెరిగినదే. సముద్రజలమున సాధారణముగా వేయి పాళ్ళకు 35 పాళ్ళు ఉప్పుండును. గాలి, నీరు, ఉప్పు మూడును కలిసినచోట ఇనుము త్వరితముగా తుప్పు పట్టును. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును. కావున మేకు తాను సన్నగిల్లుచునే చుట్టునున్న చెక్కను నెట్టి పగులదీయును. కాలువలలోని మంచినీట పది కాలములు నిలిచిన ఇనుపమేకు ఉప్పుటేటిలో నిలువదు. ఉప్పుటేటిలో నిలిచినది సముద్రమున నిలువదు. కాలువ పడవకు సరిపోయినదని అదే మేకును సముద్రపు నావకు వేయరాదు.

రెండవది చెక్క. కరక్కాయ కషాయమున అన్నభేది కలిపి మన పెద్దలు నల్లసిరా చేసెడివారు. కరక్కాయలోని వగరు, అన్నభేదిలోని ఇనుము కలిసినందుననే ఆ నలుపు పుట్టుచుండెను. తుమ్మ, మద్ది మొదలగు చెట్లలోను అట్టి వగరు కలదు. తుమ్మపట్టతో తోళ్ళు ఊనుట అందులకే. అట్టి చెక్కలో తడి ఇనుపమేకు ఉన్నచో లోపల సిరా తయారగుచున్నట్లే. మేకు చుట్టు నల్లమచ్చ కనుపించిన, ఇనుము కరగుచున్నదనియు, చెక్క మెత్తబడుచున్నదనియు తెలిసికొనవలెను. టేకుచెక్కలో సహజముగా నూనె గలదు. అందుచేత టేకులో ఇనుము కొంత ఎక్కువకాలము మన్నును. టేకు పలకకు తుమ్మ వంపుకర్ర వేసిన నావలో మేకు సగము ఒక చెక్కలోను, సగము మరొక చెక్కలోను ఉండును. పలకలోని భాగము బాగున్నంత మాత్రమున వంపుకర్రలోని భాగము బాగున్నదని నమ్మరాదు.

మూడవ శత్రువు అందరికంటె మోసకారి. టార్చిలైటులో వేయు బ్యాటరీని చూడుడు. పాతబడిన బ్యాటరీ పైతొడుగు తినివేయబడి రసము కారుటను మీరు చూచియే యుందురు. ఆ తొడుగు జింకు, అనగా తుత్తునాగము. రెండు వేరు పదార్థములను తడిలో కలిపి విద్యుత్తు పుట్టించునపుడు, వానిలో ఒకటి తరిగిపోవుట బ్యాటరీ ధర్మము. సముద్రజలమున రెండు వేరు లోహములు తగిలియున్నచో నావయు ఒక బ్యాటరీ యగును. జింకు, ఇనుము, ఇత్తడి, రాగి, కంచు — ఈ వరుసలో ముందున్నది తరుగును, వెనుకనున్నది నిలుచును. రాగిని తగిలిన ఇనుము తానొక్కతే యున్నప్పటికంటె మిక్కిలి వేగముగా నశించును.

ఈ సంగతి నేర్చుకొనుటకు ఇంగ్లండు నౌకాదళము వెల చెల్లించినది. ఆ దళపు 'అలారం' అను ఓడకు చెక్కపురుగు పట్టకుండ 1761లో అడుగున రాగిరేకు తొడిగిరి. 1763లో పరీక్షింపగా పురుగు పట్టలేదు. కాని రాగిని తగిలిన ఇనుపమేకులు తుప్పుముద్దలై యుండెను. కొన్ని మేకులు మాత్రము చెక్కుచెదరక నిలిచెను. చూడగా, రాగిరేకులకు చుట్టి తెచ్చిన కాగితపు ముక్కలు ఆ మేకుల తలల క్రింద చిక్కుకొని, రెండు లోహములను తగులనీయకుండ చేసినవి. కాగితపు ముక్క కాపాడిన మేకు బ్రదికినది, తక్కినవి చచ్చినవి. తుదకు 1780 తరువాతి సంవత్సరములలో వారు అట్టి ఓడలకు ఇనుప బోల్టులు మాని, రాగి కలిసిన లోహపు బోల్టులను వాడ మొదలిడిరి.

ఏ లోహము ఎందులకు?

ఇప్పుడు అంగడికి పోవుదము. అంగడివాడు మీముందు ఆరు విధముల సరకును పెట్టును.

మొదటిది పూత లేని ఇనుపమేకు. ఇది ఇంటి తలుపునకు, పెట్టెకు తగినది. సముద్రపు నావకు తగదు.

రెండవది జింకు పూసిన ఇనుపమేకు. మన మేస్త్రీలలో అనేకులు వాడదగినది ఇదియే. మోసమునకు ఎక్కువ తావున్నదియు ఇదియే. పూత రెండు విధములు. కరగిన జింకులో మేకును ముంచి తీసినది ఒకటి. విద్యుత్తుతో పలుచగా పూసినది మరియొకటి. ముంచిన పూత సుమారు మిల్లీమీటరులో ఇరువదవ వంతు మందముండును. విద్యుత్తు పూత తరచుగా అందులో పదవ వంతు మాత్రమే. ముంచిన మేకు మబ్బురంగున, గరుకుగా, అందములేక యుండును. విద్యుత్తు పూత గలది నునుపుగా, తళతళ మెరయుచుండును. ఆ నలుగురిని ఒక రాత్రియెల్ల నీరు తోడించినది ఈ తళతళయే. కావున సోదరులారా, మెరుపును కొనవలదు, గరుకును కొనుడు. ముంచిన బోల్టు కొనునపుడు దాని నట్టును దానితోడనే కొనవలెను. పూత మందమునకు తగినట్లు ఆ నట్టు మరను వెడల్పు చేసియుందురు. వేరొక నట్టు ఎక్కదు.

మూడవది రాగిమేకు. ఇది సముద్రజలమున చిరకాలము మన్నును. మెత్తనిది గనుక ముందుగా బరమాతో రంధ్రము చేయనిదే దిగదు. పలకను, వంపుకర్రను దాటించి, లోపలివైపున రాగిబిళ్ళ తొడిగి, మొనను కత్తిరించి, సుత్తితో మెల్లగా సాగగొట్టిన గట్టి పట్టు నిచ్చును. చిన్న పడవలకు మిక్కిలి తగినది. ఇనుపమేకునకు రాగిపూత వేసి అమ్ముటయు కలదు. జేబులో చిన్న అయస్కాంతమునుంచుకొని పోవుడు. అంటుకొనినచో అది రాగి కాదు.

నాలుగవది ఇత్తడి స్క్రూ. అందముగా నుండును, పేరు గొప్పది. కాని ఇత్తడి యనగా రాగి, జింకుల కలయిక. సముద్రజలము దానిలోని జింకును మెల్లమెల్లగా తినివేసి, రాగిని బొరుగువలె గుల్లగా మిగుల్చును. స్క్రూ ఆకారము మారదు, రంగు గులాబియగును, తిప్పబోయినచో తల ఊడి చేతికి వచ్చును. గదిలోపలి బీరువాకు, కొక్కెమునకు ఇత్తడి వాడుడు. నీటిమట్టము క్రింద వాడకుడు. మాంగనీసు కంచు అను పేరున అమ్మబడునదియు జింకు మిక్కుటముగా గల ఇత్తడియే. పేరునకు మోసపోరాదు.

ఐదవది సిలికాను కంచు. నూటికి సుమారు 96 పాళ్ళు రాగి, 3 పాళ్ళు సిలికాను గల లోహము. గట్టిదనమును, మన్నికయు గలది. చెక్కనావకు ఇంతకంటె మేలైన స్క్రూ అరుదు, ధరయు ఎక్కువే.

ఆరవది తుప్పుపట్టని ఉక్కు, అనగా స్టెయిన్‌లెస్ స్టీలు. "తుప్పు పట్టదని పేరులోనే ఉన్నది గదా, అంతట ఇదే వాడుదము" అని పలువురు మమ్మడుగుదురు. ఈ ఉక్కు గాలి తగులునంతవరకే తుప్పును ఎదిరించును. తడిచెక్క లోపల గాలి ఆడని చోట, తల క్రింద, మరల సందులలో అది గుంటలు గుంటలుగా తినివేయబడును. పైకి మాత్రము నవ్వుచుండును. కావున దీనిని నీటిమట్టమునకు పైన, కంటికి కనుపించు చోట వాడుట మేలు. 304, 316 అను రకములలో 316 సముద్రమునకు తగినది. అందు నూటికి 2 మొదలు 3 పాళ్ళు మాలిబ్డినము చేరియుండును. అయస్కాంతము ఈ రెండింటిని వేరుచేసి చూపజాలదు. నమ్మకముగల చోట, రకము వ్రాసియిచ్చిన బిల్లుతో కొనవలెను.

ఒక నావ, ఒక లోహము

"కంచు కొను శక్తి మాకెక్కడిది?" అని మీరడుగుట న్యాయము. మేము చెప్పునది కంచు కొనుడని కాదు. కరగిన జింకులో ముంచిన మేకులనే అడుగునుండి అంచువరకు వాడి, శ్రద్ధగా కొట్టి, ఏటేట చూచుకొన్న నావ, సగము కంచు సగము ఇనుముగా కట్టిన నావకంటె ఎక్కువకాలము బ్రదుకును. నీటిమట్టము క్రింద ఒక నావకు ఒకటే లోహము. ఈ ఒక్కమాట ఇంటికి తీసికొనిపోయినను మా శ్రమ ఫలించినట్లే.

మరమ్మతులోను ఇదే సూత్రము. రాగిమేకుల నావకు ఊడిన చోట చేతికి దొరికిన ఇనుపమేకు కొట్టరాదు. ఇనుపమేకుల నావకు రాగిరేకు ముక్కతో అతుకు వేయరాదు. ఇనుపమేకు తలలపై రాగి కలిసిన అడుగురంగు నేరుగా తగులరాదు; తలను లోనికి దింపి, పైన మైనముతోనో లప్పముతోనో పూడ్చిన తరువాతనే రంగు వేయవలెను. చెక్కకు రాగి లవణములు గల మందు ఎక్కించియున్నచో, ఏ మేకు తగునో ముందుగా విచారించి కొనవలెను.

మరపడవకు కంచు పంకా, ఉక్కు ఇరుసు తప్పనివి. అందులకే నీటిలో జింకు దిమ్మను బిగింతురు. తక్కిన లోహములకు బదులుగా అది తాను తరిగిపోవును. 1824లో హంఫ్రీ డేవీ అను శాస్త్రజ్ఞుడు ఓడల రాగిరేకును కాపాడుటకు ఈ ఉపాయమునే కనిపెట్టెను. జింకు దిమ్మకు రంగు పూయరాదు, పూసినచో పనిచేయదు. సగము తరుగగనే మార్చవలెను. అయితే ఎక్కువ దిమ్మలు వేసిన ఎక్కువ మేలని తలంపవలదు. అవసరమునకు మించినచో, కాపాడబడు లోహము చుట్టునున్న చెక్క క్షారముచే మెత్తబడి పీచుపీచగును. మందైనను మోతాదు మించరాదు గదా.

కొట్టు విధము

మంచి మేకును చెడుగా కొట్టిన అది చెడ్డమేకే. మేకు పొడవు పలక మందమునకు రెండున్నర మొదలు మూడు రెట్లుండవలెను. 25 మిల్లీమీటరుల పలకకు 65 మొదలు 75 మిల్లీమీటరుల మేకు తగును; వంపుకర్రకు ఆ లోతు చాలవలెను. మేకుకంటె కొంచెము సన్నని బరమాతో ముందు రంధ్రము చేయవలెను. రెండు మేకులను ఒకే చెక్కగీతపై కొట్టినచో పలక ఆ గీతవెంట చీలును. కావున ఎగుడుదిగుడుగా కొట్టవలెను. స్క్రూకు కొంచెము మైనము పూసిన సులువుగా దిగును. జింకు మేకు తలపై సుత్తి నేరుగా పలుమారులు పడినచో పూత రాలిపోవును. తుది దెబ్బలను తలపై వేరొక ఇనుపకడ్డీ నుంచి కొట్టవలెను. మొనను లోపల వంచి దిగగొట్టినచోట పూత చిట్లును. అచట తప్పక రంగు పూయవలెను. బోల్టు నట్టు క్రింద వెడల్పైన వాషరు లేనిదే నట్టు చెక్కలోనికి దిగబడును. ఆ వాషరును అదే లోహముదై యుండవలెను.

ఏటేట పరీక్ష

ఈ విరామ దినములలోనే, రంగు వేయుటకు ముందు, మీ నావ చుట్టు ఒకమారు తిరుగుడు. రంగుమీద గోధుమరంగు చార కారుచున్నదా? చెక్కపై నల్లమచ్చ యున్నదా? పలక అంచు లేచియున్నదా? అడుగు దూలము ప్రక్క పలకలో, ముక్కువద్ద, యంత్రము క్రింద, ఒక్కొక్క చోట ఒక్కొక్క మేకును ఊడదీసి చూడుడు. అది నడుము సన్నగిల్లియున్నచో దాని ప్రక్కవానిని కూడ నమ్మకుడు. పాత రంధ్రమును చెక్కబిరడాతో పూడ్చి, ప్రక్కన గట్టి చెక్కలో అదే లోహపు క్రొత్త మేకును కొట్టుడు. గోటితో పోవు పనిని గొడ్డలివరకు రానీయకుడు.

సందేహము కలిగినచో మీ మత్స్యశాఖ అధికారిని అడుగుడు. కాకినాడలోని రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థయు, 1957లో కొచ్చిలో నెలకొల్పబడిన కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థకు విశాఖపట్నమున గల కేంద్రమును ఇట్టి విషయములందు ఉపకరింపగలవు. అడుగుటకు సిగ్గుపడవలదు. అడిగినవాని నావ ఒడ్డు చేరును.

తుదిగా ఒక మాట. మేస్త్రి సోదరులారా, మేకు కొనువాడు యజమాని, కొట్టువాడవు నీవు, దానిమీద ప్రాణములు పెట్టి పోవువాడు మరియొకడు. యజమాని తళతళ మెరయు మేకులు తెచ్చి ఇచ్చినపుడు, "ఇవి నేను కొట్టను, మార్చుకొని రమ్ము" అని చెప్పు ధైర్యము నీకుండవలెను. యజమాని సోదరులారా, ఆ మాట చెప్పిన మేస్త్రిపై కోపింపక, అతనికి నమస్కరింపుడు. గోరంత ఆదాకై కొండంత నష్టము తెచ్చుకొనవలదు. సోదరీమణులారా, నావ వెళ్ళిన రాత్రి ఒడ్డువైపు చూచుచు కూర్చుండువారు మీరు. ఈ విరామము ముగియులోపల మీ ఇంటివారిని ఒక్కమాట అడుగుడు: "మేకు ఊడదీసి చూచినారా?" అని.

మేము నాడు ఆ మేస్త్రి ఇచ్చిన మేకును దాచియుంచితిమి. సభ ముగిసిన పిమ్మట ఈ బల్లమీద ఉంచుదుము. అందరును వచ్చి చేతబట్టి చూడుడు.